మేనేజరు గారి జ్ఞానబిడ్డలు

హారో, ఇలోయిలో
21 ఆగస్టు 1994

అన్నయ్యా,

నువ్వు పంపిన గొడుగు అందింది. మనీలా వాళ్ళు గొడుగుల్ని అందానికే చేస్తారనుకుంటా, మొదటి గాలికే పైకి విచ్చుకుపోయింది. మా ఆయన పెపీతో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పిల్లల గౌన్లు మాత్రం సరిగ్గా సరిపోయాయని వదినకి చెప్పు.

నా సంగతి ఏముంది, ఈ శుక్రవారంతో మళ్ళీ ఐదు నెలలు నిండుతాయి. ఆరు నెలలు పని చేసినవాళ్ళని పర్మనెంట్ చెయ్యాలని చట్టం ఉంది కాబట్టి, మీ సాల్విదార్ స్టోర్స్ హెడ్డాఫీసు వాళ్ళు మమ్మల్ని ఆరో నెల ముఖం చూడనివ్వరు. ఇంటికి పొమ్మంటారు. తర్వాత కొత్త మనిషిలా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. మళ్ళీ రక్తపరీక్ష, మళ్ళీ ఫోటో. "ఇంతకుముందు అనుభవం ఉందా?" అని ఆ పర్సనెల్ విభాగం పిల్ల నా ముఖం మీదే అడుగుతుంది. దానికి బిల్లు కొట్టడం నేర్పింది నేను! ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. ఈసారి క్రిస్మస్ సరుకు వస్తోంది కాబట్టి సెప్టెంబరు ఒకటినే అందరినీ వెనక్కి పిలుస్తామన్నారు. జనవరి ఆఖరుకి మళ్ళీ వెళ్ళగొడతారు.

అందుకే పోయిన నెల యూనియన్ పెట్టాం. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. నా పక్క కౌంటర్ మెర్లిండ ప్రెసిడెంటు, నేను సెక్రటరీ. అడిగేవి పెద్దవేం కావు. ఈ ఐదు నెలల ఆట ఆపాలి, కౌంటర్ దగ్గర మాకో కుర్చీ వెయ్యాలి. కూర్చుంటే కొనేవాళ్ళకి బద్ధకంగా కనిపిస్తామట! మెర్లిండ పోయినసారి రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీలో కొడుకుని కని, మళ్ళీ వచ్చి నిలబడింది. దాని కాళ్ళు చూస్తే నాకే ఏడుపొస్తుంది.

ఇవాళ ఆ బిడ్డకి జ్ఞానస్నానం అయింది. గుళ్ళో తండ్రి తర్వాత తండ్రిలా నిలబడే జ్ఞానతండ్రి ఎవరనుకున్నావు? మా బ్రాంచి మేనేజరు ఉబాల్దో గారు! కడుపుతో ఉన్నప్పుడే అడిగేసింది. అప్పటికి యూనియన్ మాటే లేదు. తర్వాత వద్దనడానికి దానికీ నోరు రాలేదు, తప్పుకోవడానికి ఆయనకీ నోరు రాలేదు. జ్ఞానబిడ్డగా ఇస్తామంటే కాదన్నవాడి వల్ల ఆ బిడ్డకి కీడు జరుగుతుందని నాన్న అనేవాడు కదా. అలా ఎవరినీ కాదనలేకే క్రిస్మస్ వచ్చేసరికి జ్ఞానబిడ్డల బహుమతులకి నాన్న జేబు ఖాళీ అయ్యేది.

ఇక మీదట ఆయన మెర్లిండకి కుంపరే, అది ఆయనకి కుమరే. సొంత తోబుట్టువుల కింద లెక్క. రేపు మా డిమాండ్లు పట్టుకుని ఆ కుంపరే గదిలోకే వెళ్ళాలి. "సర్, మీరు మా రక్తం తాగుతున్నారు, నిన్నటి పంది మాంసం అరిగిందా?" అని అడుగుతుందేమోనని నా భయం.

నువ్వేం చెయ్యక్కర్లేదు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడక రాశాను.

నీ చెల్లెలు,
లూదీ

*

మనీలా
4 సెప్టెంబరు 1994

లూదీ,

నీ ఉత్తరం జీప్నీలో చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోయాను. ఎండలో వెనక్కి నడిచాను. నడుస్తున్నంతసేపూ నిన్ను తిట్టుకున్నాను.

యూనియన్ పెట్టడానికి నీకు ఇప్పుడే దొరికిందా? మా విభాగం ఎలా ఉందో తెలుసా? పెద్దాయన సాల్విదార్ గారు మంచాన పడ్డాక అంతా కొడుకు చేతిలోకి వచ్చింది. ఆ చిన్న దొర విదేశీ మదుపుదార్ల ముందు నిలబడి, మన దేశంలో సాల్విదార్ లేని పెద్ద ఊరు ఉండదని మాట ఇచ్చేశాడు. ఇచ్చింది ఆయన, పరిగెత్తేది మేము. నేనిప్పుడు కొత్త స్టోర్లకి చోట్లు వెతుకుతూ ఊరూరా కూడళ్ళలో నిలబడి ఎన్ని జీప్నీలు ఆగుతున్నాయో, దిగినవాళ్ళ చేతుల్లో ఎవరి సంచులున్నాయో రాసుకుంటున్నాను. పోయిన వారం ఒక పోలీసు నన్ను జేబుదొంగ అనుకున్నాడు.

స్టోర్లు పెరుగుతున్నాయి కానీ కొనేవాళ్ళ జేబులు పెరగడం లేదు. ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడ్చాలి. పై అంతస్తులో యూనియన్ అన్న మాట వినపడితే ముఖాలు మాడిపోతాయి. అందులో నా చెల్లెలు సెక్రటరీ! నీకు పర్మనెంట్ కావాలంటే నన్నడగొచ్చుగా? అన్నయ్యని కదా, పరాయివాణ్ణా?

ఉబాల్దో గారి కథ మాత్రం బాగుంది. పేర్లు చెప్పకుండా భోజనాల దగ్గర చెప్పాను. మా పర్సనెల్ విభాగం పెద్ద కాఫీ ఒలకబోసుకునేంత నవ్వాడు. నవ్వి, నవ్వి, కాసేపటికి ఆపి, "అనిసేతో, ఆ మాట మళ్ళీ చెప్పు. ఆ ఆడమనిషి ఇప్పుడు ఆయన మీదకి గొడవకి వెళ్ళలేకపోతోందా?" అన్నాడు. అవునండీ, మా వైపు కుంపరేతో గొడవ చాలా సిగ్గుచేటు అన్నాను.

సెప్టెంబరు వచ్చిందిగా, ఇక్కడ క్రిస్మస్ పాటలు మొదలయ్యాయి. నీకు ఆ పాటలు రోజంతా వినక తప్పదని గుర్తొచ్చి జాలేసింది. చెవుల్లో దూది పెట్టుకో. ఆ యూనియన్ సంగతి మాత్రం ఆలోచించుకో.

ఉంటాను,
అనిసేతో

*

హారో
25 సెప్టెంబరు 1994

అన్నయ్యా,

భోజనాల దగ్గర ఎందుకు చెప్పావు? నీకు చెప్పుకున్నది నీ తోటివాళ్ళని నవ్వించడానికా? పేర్లు చెప్పలేదట! నీ చెల్లెలు పనిచేసే బ్రాంచి ఇంకోటి ఉందా?

సరే పోనీ. నన్ను మళ్ళీ తీసుకున్నారు. కొత్త కార్డు మీద నా ఫోటో మరీ పోలీసు స్టేషన్‌లో తీసినట్టుంది.

నువ్వు ఊరూరా స్టోర్లు తెరిపిస్తున్నావు కదా, ఇక్కడ మోలోలో తెరిచింది ఎలా తెరిచారో విను. ఫాదర్ గారు వచ్చి దీవించే ముందురోజు లారీ ఒకటి మా బ్రాంచికి వచ్చింది. మా అరల్లోంచి సబ్బులు, పాలడబ్బాలు, చెప్పులు అన్నీ ఎక్కించుకుంది. అక్కడ అరలు నిండుగా కనపడాలట. ఆఖరికి మా తల మీద తిరిగే ఫ్యాన్లు కూడా ఊడదీసుకుపోయారు! ఇప్పుడు ఇక్కడికి వచ్చినవాళ్ళు సబ్బు ఎక్కడుందని మా మీద అరుస్తారు. మోలోలో ఉందండీ, జీప్నీ ఎక్కితే దగ్గరే అంటాను. నెలాఖరు కాకముందే మా బ్రాంచి అమ్మకాలు తగ్గాయని మనీలా నుంచి చీవాట్ల కాగితం. వాటిని తగ్గించిందెవరు? నీకు ఒళ్ళు మండదా?

మనీలా నుంచి వచ్చిన కంపెనీ వకీలుతో మొదటిసారి కూర్చున్నాం. మెర్లిండ ఉన్నదంతా కడిగేసింది. ఆయన చిరునవ్వుతో వింటూ చివర్లో, "మీరంతా ఇంత మృదువుగా మాట్లాడుతుంటే పెద్ద కోపం ఏమీ లేదని అర్థమైంది" అన్నాడు. మన యాస సంగతి నీకు తెలుసుగా, తిట్టినా జోకొట్టినట్టుంటుంది! మెర్లిండ గట్టిగా అరవడం ప్రాక్టీసు చేస్తోంది. మొన్న అరిస్తే దాని కొడుకు హాయిగా నిద్రపోయాడు.

కార్మిక శాఖ మా ఓటింగుకి ఫిబ్రవరి పది తారీఖు ఇచ్చింది. యూనియన్ కావాలా వద్దా అని ఆ రోజు స్టోరులో పనిలో ఉన్నవాళ్ళంతా ఓటు వెయ్యొచ్చు. ఐదు నెలల వాళ్ళతో సహా. పర్మనెంట్ సంగతి అన్నావు. నా ఒక్కదానికి వద్దు. అర్థమైందా? వద్దు.

లూదీ

*

మనీలా
16 అక్టోబరు 1994

చెల్లీ,

నీకు కోపం వస్తే ఉత్తరం చివర పెపీతో ఎలా ఉన్నాడో కూడా రాయవు. బాగానే ఉన్నాడనుకుంటాను.

నీ మోలో లారీ సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. నేను కూడలి చూసి చోటు బాగుందని రాసిచ్చాను, అంతే. అది హారోకి మరీ దగ్గరని కూడా రాశాను. ఆ వాక్యం ఎవరో కొట్టేశారు.

ఒక మంచి కబురు చెబుతాను, అలక మానుకో. నేను భోజనాల దగ్గర చెప్పింది ఊరికే పోలేదు. ఇక మీదట ప్రతి బ్రాంచి మేనేజరూ ఉద్యోగుల పిల్లలకి జ్ఞానతండ్రిగా నిలబడాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. కేకు, బట్టలు, పాలడబ్బాలు కంపెనీవే. 'ఒకే కుటుంబం' అని పేరు పెట్టారు. ఇన్నేళ్ళలో మొదటిసారి చిన్న దొర నా పేరు పెట్టి పిలిచాడు, అది కూడా సరిగ్గా పలకలేదనుకో. బంధుత్వం కలిస్తే గొడవలు తగ్గుతాయి కదా లూదీ? ఇందులో ఎవరికి నష్టం?

నీకు విడిగా ఇంకోటి వస్తుంది. ఏమిటో చెప్పను. వచ్చాక నన్ను తలుచుకో.

అన్నయ్య

*

హారో
13 నవంబరు 1994

అనిసేతో గారికి,

తలుచుకున్నాను. వారం రోజులుగా తలుచుకుంటూనే ఉన్నాను. నువ్వు ఎదురుగా ఉంటే ఇంకా బాగా తలుచుకునేదాన్ని.

సోమవారం స్టోరు తెరవకముందు అందరినీ వరసలో నిలబెట్టి, మైకులో నా పేరు పిలిచి, నన్ను పర్మనెంట్ చేశామని చదివారు. చప్పట్లు కొట్టమన్నారు. కొట్టారు. ఎవరూ నా వంక చూడలేదు. మధ్యాహ్నం భోజనానికి నా పక్కన ఒక్కరూ కూర్చోలేదు. సాయంత్రం మెర్లిండ వచ్చింది.

"లూదీ, మీ అన్న హెడ్డాఫీసులో ఉన్నాడని మాకు తెలుసు. మన మీటింగుల సంగతులు ఆయనకి రాస్తున్నావా?"

"రాశాను. కానీ అలా కాదు."

"ఎలా కాదు?"

ఏం చెప్పను? ఎలా చెప్పినా రాయడం రాయడమే కదా. "సెక్రటరీ పని కొన్నాళ్ళు వేరేవాళ్ళు చూస్తారులే, నువ్వు విశ్రాంతి తీసుకో" అంది. మెత్తగా అంది. మన యాసలో ఆ మాట ఎంత నొప్పో మనీలాలో ఎవరికీ తెలియదు. ఎనిమిదేళ్ళు పక్కపక్కనే నిలబడ్డాం మేము! నువ్వు ఒక్క కాగితంతో నన్ను దానికి పరాయిదాన్ని చేశావు. ఆ కాగితం వెనక్కి తీసుకోమని ఉబాల్దో గారిని అడిగాను. ఇలాంటిది వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదన్నాడు పాపం.

ఇక మీ 'ఒకే కుటుంబం'. పోయిన ఆదివారం హారో కేథడ్రల్లో పిల్లల వరస చూడాల్సింది. గుడి గుమ్మం దాటి మెట్ల దాకా. ఉబాల్దో గారు ఒక్కో బిడ్డకీ కొవ్వొత్తి పట్టుకుని నిలబడి, నిలబడి, మైనం కారి బూట్ల మీద గడ్డకట్టింది. మనీలా ఫోటోగ్రాఫరు బిడ్డల కంటే కేకు మీద కంపెనీ గుర్తునే ఎక్కువ తీశాడు. బిడ్డల్ని ఇవ్వొద్దని యూనియన్ తరఫున చెప్పాం. కానీ పాలడబ్బాలు అన్నాక ఎవరు ఆగుతారు? ఇప్పుడు సగం మంది అంటున్నారు, కుంపరేకి ఎదురు ఓటెలా వేస్తాం, గుళ్ళో ఎదురుపడితే ముఖం ఎక్కడ పెట్టుకుంటాం అని. మీరు కోరుకున్నది ఇదే కదా? నాన్న పవిత్రంగా చూసుకున్నదాన్ని నువ్వు సబ్బులా అరలో పెట్టి అమ్మావు.

పెపీతో బాగానే ఉన్నాడు.

లుదివిన

*

మనీలా
30 నవంబరు 1994

లూదీ,

'అనిసేతో గారికి' అన్న ముక్క దగ్గరే మీ వదిన ఉత్తరం తీసుకుని చదివింది. నేనేదో నేరం చేసినట్టు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఉత్తరం నువ్వు రాసింది కాదనిపిస్తోంది. మీ యూనియన్‌కి బయటి నుంచి సలహాలిచ్చే పెద్దమనుషులు ఎవరైనా పక్కన కూర్చుని చెప్పించారా? నా చెల్లెలు నన్ను అలా అనదు. నీ మోకాళ్ళ నొప్పుల గురించి మూడేళ్ళుగా చదువుతున్నాను. ఇక్కడ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ అది గుర్తొస్తుంది. చేతిలో ఉన్న ఒక్క సాయం చేశాను. అందరినీ పర్మనెంట్ చేయించడం నా వల్ల అవుతుందా? నేను ఇక్కడ ఎంతటివాణ్ణి అనుకుంటున్నావు?

నువ్వు కూడా ఒకటి ఆలోచించు. మీ యూనియన్ గెలిచి జీతాలు పెరిగితే, చిన్న దొర ముందు మూసేసేది హారో బ్రాంచినే. మోలో పక్కనే ఉందిగా. అప్పుడు మెర్లిండ ఏ కుర్చీలో కూర్చుంటుంది?

కోపంగా రాస్తున్నానని అనుకోకు. కోపంగానే రాస్తున్నాను. క్రిస్మస్‌కి పిల్లలకి బొమ్మలు పడవలో వచ్చేవాళ్ళతో పంపుతున్నాను. వాటిని మాత్రం వెనక్కి పంపకు.

అనిసేతో

*

హారో
29 డిసెంబరు 1994

అన్నయ్యా,

బొమ్మలు అందాయి. పిల్లలకి నచ్చాయి. ఆ ఉత్తరం నేనే రాశాను, పక్కన ఎవరూ లేరు. పెపీతో బియ్యం ఏరుతున్నాడు.

నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఇక్కడ జరిగింది నీ వల్లే కాబట్టి నీకు తెలియాలి.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మనీలా నుంచి ఉబాల్దో గారికి ఆర్డరు వచ్చింది. ఐదు నెలల వాళ్ళందరినీ జనవరి 31తో ఆపెయ్యాలి, ఓటింగు అయ్యేదాకా ఒక్కరినీ మళ్ళీ తీసుకోకూడదు. పని లేకపోతే పదో తారీఖున ఓటు లేదు కదా. ఏటా ఫిబ్రవరి రెండున మా కొవ్వొత్తుల మాత పండగ రద్దీకి ఒక నెల గడువు పొడిగించే అధికారం మేనేజరుకి ఉంది. ఈసారి అది వాడొద్దన్నారు. వాడితే అందరికీ ఆరో నెల నిండిపోతుందని మీవాళ్ళ భయం.

క్రిస్మస్ రోజు పొద్దున్నే జ్ఞానబిడ్డలంతా తల్లుల్ని తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళారు. వెళ్ళకపోతే తప్పు కదా. ఒక్కో బిడ్డ చేతినీ తల్లి పట్టుకుని దీవెన కోసం ఆయన చెయ్యి బిడ్డ నుదుటికి తాకించింది. గేటు బయట వీధి చివరిదాకా వరస. ఆయన బహుమతులు అయిపోయాయి. భార్యని కొట్టుకి పంపించాడు, మళ్ళీ అయిపోయాయి. నేను దూరంగా నిలబడి చూశాను, నాకు వరసలో చోటు లేదుగా. మెర్లిండ కొడుకు వంతు వచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు.

"కుమరే, ఈ పిల్లల నోటి దగ్గర పాలు నేను ఎలా తీసేస్తాను? నేను సంతకం పెట్టను. గడువు పొడిగిస్తాను" అన్నాడు అందరి ముందూ.

ఆ బంధుత్వం మమ్మల్ని కట్టేస్తుందనుకున్నారు మీరు. తాడుకి రెండో కొస ఉంటుందని మీ భోజనాల దగ్గర ఎవరికీ తోచలేదా?

మెర్లిండ నాతో ఇంకా మాట్లాడటం లేదు.

లూదీ

*

మనీలా
12 జనవరి 1995

చెల్లీ,

ఇది ఎవరికీ చూపించకు.

ఉబాల్దో గారు తను చేయబోయేది మర్యాదగా మనీలాకి ముందే రాశాడు. ఆ మర్యాదే ఆయన కొంప ముంచింది. ఆయన్ని దేశం ఉత్తర కొసన ఒక కొత్త స్టోరుకి బదిలీ చేశారు. అది ఇంకా కట్టనే లేదు, ఇనప చువ్వలు నిలబడి ఉన్నాయంతే. నేను చూసొచ్చిన చోటే.

ఆయన స్థానంలో నన్ను పంపుతున్నారు.

దీనికోసం నేను ఎవరినీ అడగలేదు. నువ్వు నమ్మవని తెలుసు. కొత్త స్టోర్లు చెప్పినంత సంపాదించడం లేదని చిన్న దొర బల్ల గుద్ది, చోట్లు చూసినవాళ్ళదే తప్పన్నాడు. మా విభాగంలో సగం మందిని తీసేశారు. నన్ను పిలిచి, "నువ్వు ఆ ఊరివాడివి, నీ చెల్లెలు అక్కడే పర్మనెంట్, నీ మాట వింటారు" అన్నారు. నీ పర్మనెంట్ కాగితం వాళ్ళ ఫైల్లో ఉంది లూదీ. నేను నీకు సాయం అనుకున్నది వాళ్ళు నాకిచ్చిన అప్పు కింద రాసుకున్నారు.

ఇరవై ఏడున పడవ ఎక్కి ఇరవై ఎనిమిదికి వస్తాను. ముప్పై ఒకటిన ఆ ఆడవాళ్ళందరినీ ఆపేస్తూ నేను సంతకం పెట్టాలి. పెట్టకపోతే నా పని అయిపోయినట్టే. పిల్లల బడి, ఇంటి అద్దె, మీ వదిన మందులు అన్నీ దీని మీదే ఉన్నాయి. నీకేమీ కాదు, నువ్వు పర్మనెంటువి. కొన్ని వారాలు పోతే వాళ్ళని నేనే మళ్ళీ తీసుకుంటాను, ఒట్టు. అప్పటిదాకా నా ముఖం చూడకపోయినా పర్వాలేదు.

కూడళ్ళలో జీప్నీలు లెక్కపెట్టుకుంటూ ఉండగానే బాగుండేది.

అన్నయ్య

*

హారో
18 జనవరి 1995

అన్నయ్యా,

నీ ఉత్తరం మెర్లిండకి చదివి వినిపించాను. మొత్తం. ఎవరికీ చూపించకు అన్న ముక్కతో సహా. అది ముందు తలుపు సగమే తీసింది. చదవడం అయ్యేసరికి లోపల కూర్చోబెట్టి బాచోయ్ పెట్టింది. ఇన్నాళ్ళ తర్వాత దాని చేతి సూపు తాగాను, ఏడుపొచ్చి ఉప్పు ఎక్కువైందని అబద్ధం చెప్పాను.

"మీ అన్న చెడ్డవాడు కాదు లూదీ, భయస్థుడు" అంది.

"రెండూ ఒకటే కదా ఇప్పుడు" అన్నాను.

"ఒకటి కాదు. చెడ్డవాడు బిడ్డని ఇస్తే కాదంటాడు. భయస్థుడు అనలేడు."

ఆ తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆలోచన దానిదో నాదో తెలియదు. మర్నాడు సాయంత్రానికి ఊరంతా తిరిగాం.

కాబట్టి విను. ఆదివారం ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున కేథడ్రల్లో నీకు పని ఉంది. ఉబాల్దో గారి చేతికి రాని పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. కొందరికి మొదటి బిడ్డలు, కొందరికి జ్ఞానస్నానం ఇంకా బాకీ ఉన్న రెండోవాళ్ళు. జ్ఞానస్నానం అయిపోయిన పెద్దపిల్లలకి నుదుట పవిత్ర తైలం రాసి చేసే భద్రమైన అభ్యంగనానికి కూడా పెద్దగా నిన్నే అనుకుంటున్నారు, పండక్కని బిషప్ గారు ఆదివారానికే వస్తున్నారు. స్వెటర్ల దగ్గర ఉండే నొర్మితాకి పిల్లలు లేరు, అది తన పెళ్ళికి నిన్ను పెద్దగా ఉండమంటోంది. పెళ్ళికొడుకు ఒప్పుకున్నాడా అని అడక్కు, అతనికి ఇంకా చెప్పలేదు. మొత్తం మీద ఐదు నెలల వాళ్ళలో నీకు కుమరే కానిది ఒక్కతీ మిగలదు. ఫాదర్ గారికి నీ పేరు ఇచ్చేశాం.

నువ్వు కాదనొచ్చు. పడవ దిగి గుడికి రాకుండా తిన్నగా స్టోరుకి వెళ్ళి సంతకం పెట్టుకోవచ్చు. అప్పుడు ఇంతమంది బిడ్డల్ని కాదన్నవాడివి అవుతావు, నాన్న కొడుకువి అయ్యుండి. ఆ మాట మన ఊళ్ళో నీ వెనక ఎన్నాళ్ళు నడుస్తుందో నీకు నేను చెప్పాలా?

'మీ వదిన మందులు' అని రాశావు, అది చదివి నాకు నిద్ర పట్టలేదు. నీకు ఏమవుతుందో నాకు తెలియక కాదు. నీ ఉద్యోగం పోతే మా ఇంట్లో చోటుంది, పెపీతో జీప్నీకి రెండో డ్రైవరు కావాలి. ఇంతకన్నా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ వాళ్ళకి నాకంటే కూడా తక్కువ ఉంది అన్నయ్యా. ఇది అడగడం నాకు సిగ్గుగానే ఉంది, అయినా అడుగుతున్నాను.

ఈ ఉత్తరం పడవలో వచ్చే పెపీతో తమ్ముడి చేత పంపుతున్నాను. జవాబు వాడి చేతికే ఇవ్వు.

నీ చెల్లెలు,
లూదీ

(నన్ను మళ్ళీ సెక్రటరీని చేశారు.)

*

మనీలా
25 జనవరి 1995

లూదీ,

నీ ఉత్తరం మీ వదినే ముందు చదివింది. చదివి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నా తెల్లచొక్కా పైన పెట్టింది, గుడికి అని. నన్ను ఏమీ అడగలేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, నీ మీద వచ్చింది, ఎవరినీ కాదనడం నేర్పకుండా పోయిన నాన్న మీద కూడా వచ్చింది. ఆ కోపంతోనే ఊరంతా నడిచి, తిరిగొచ్చి ఇది రాస్తున్నాను.

ఉబాల్దో గారి గొడవ తర్వాత ఇక్కడ కొత్త ఆర్డరు తయారైంది. మేనేజర్లు ఎవరూ ఉద్యోగుల పిల్లలకి జ్ఞానతండ్రులుగా ఉండకూడదట. ఆ ఆలోచన నాదే కాబట్టి, దాన్ని ఆపే కాగితం కూడా నన్నే రాయమన్నారు. రాసిచ్చాను. ఫిబ్రవరి ఒకటి నుంచి అమల్లోకి వస్తుందని రాశాను. ఎవరూ తేదీ వంక చూడలేదు. ఆదివారం నాటికి అది లేనట్టే కదా.

పండగ రద్దీకని సోమవారమే అందరికీ నెల గడువు పొడిగిస్తూ సంతకాలు పెడతాను. ఉబాల్దో గారిలా మర్యాదగా ముందు రాయను. మనీలాకి కాగితాలు చేరేసరికి పండగ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నన్ను పీకేసినా ఆ సంతకాల్ని పీకలేరనుకుంటాను, అయినా మీ యూనియన్ వకీలు చేత ఒకసారి చూపించుకో, నాకు మన కంపెనీ మీద నమ్మకం లేదు. మీరు పదో తారీఖున గెలుస్తారో లేదో నాకు తెలియదు. గెలిచినా చిన్న దొర హారోని మూసేస్తాడేమో, అదీ తెలియదు. ఈ ఒక్కటి మాత్రం చేస్తాను. నవ్వుతూ చేస్తున్నానని అనుకోకండి.

నొర్మితా పెళ్ళికొడుక్కి ఎవరైనా ఒక మాట చెప్పండి.

కొవ్వొత్తులు నేనే తెస్తున్నాను, బూట్లు పాతవి వేసుకుని వస్తాను. ఇంకొక్క పని చెయ్యి. మేనేజరు గదిలో మంచి మెత్తటి కుర్చీ ఒకటి ఉంటుంది కదా, దాన్ని సోమవారం పొద్దున్నే మోయించి మెర్లిండ కౌంటర్ దగ్గర వేయించు. నాకు దానితో ఎలాగూ ఎక్కువ రోజులు పని ఉండదు.

అన్నయ్య